కత్తెర సారు

మా వీధిలో మా ఆయనను అందరూ కత్తెర సారు అంటారు. దర్జీ అనుకునేరు, కాదు. కంప్యూటర్లు బాగుచేస్తారు. మెట్ల కింద పది అడుగుల కొట్టు, గోడ నిండా అరలు, అరల నిండా అట్టపెట్టెలు, వాటి మధ్య స్క్రూడ్రైవరు పట్టుకుని ఆయన, గుమ్మం పక్క బల్ల దగ్గర నేను. ఫోను ఎత్తేది నేను, వచ్చినవాళ్లను కూర్చోబెట్టేది నేను, చెప్పిన రోజుకి పని కాకపోతే మాటలు పడేదీ నేనే. చేతి పని ఆయనది, నోటి పని నాది. పాతికేళ్లుగా మా పంపకం ఇదే. నా నోరు మంచిదని ఎవరూ అనరు, నేనూ అనను.

కత్తెర పేరు ఎలా వచ్చిందంటే, ఎవరైనా కొత్త పవర్ సప్లై బిగించమని వస్తే మా ఆయన ముందు పాతది విప్పుతారు. దానితోపాటు లోపలున్న పవర్ కేబుళ్లన్నీ, ఒక్కటి మిగలకుండా, బయటికి లాగుతారు. కొత్త పెట్టె సీలు తీయకముందే ఆ కేబుళ్లను యజమాని కళ్లముందే కటకటా ముక్కలు చేసి బుట్టలో పడేస్తారు. చూసేవాళ్లకు ప్రాణం ఉసూరుమంటుంది.

"అయ్యో సార్, బాగానే ఉన్నాయి కదా!" అంటారు.

"బాగున్నాయి కాబట్టే," అంటారీయన.

"ఇచ్చేస్తే బట్టలైనా ఆరేసుకునేవాళ్లం కదండీ," అని ఒకాయన నవ్వాడు కూడా. మా ఆయన నవ్వలేదు. కత్తెర చేతిలో ఉన్నంతసేపూ ఆయన నవ్వరు.

చాదస్తం అనుకుంటారు అందరూ. అనుకోనీ అని తొమ్మిదేళ్లు ఊరుకున్నాను. పోయిన వారం ఒక ఫోను వచ్చాక ఇంక ఊరుకోవడం నా వల్ల కావడం లేదు. ఆ ఫోను సంగతి చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

కంప్యూటర్లో పవర్ సప్లై అంటే ఇంట్లో వండిపెట్టే మనిషి లాంటిది. వేళకు అందరికీ అందినన్నాళ్లు ఆ మనిషి ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. గోడలోంచి వచ్చే కరెంటును తగ్గించి, ఎవరికి ఎంత కావాలో అంత పంచిపెడుతుంది. జనం వీడియోల కోసమో ఆటల కోసమో పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొనుక్కుని పెళ్లికొడుకును తెచ్చినట్టు అపురూపంగా పట్టుకొస్తారు. దాన్ని మోయగల పవర్ సప్లై సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. "పాతదే ఉంచేయండి సార్, నడుస్తోంది కదా," అంటారు. మా ఆయన మాట్లాడకుండా కాగితం తీస్తారు. కార్డు ఎంత లాగుతుంది, ప్రాసెసరు ఎంత, డిస్కులెన్ని, ఫ్యాన్లెన్ని, అన్నీ కూడతారు. కార్డు ఒక్కోసారి ఉన్నట్టుండి రెండింతలు లాగుతుంది కాబట్టి దానికోసం ఇంకొంత కలుపుతారు. అప్పుడు అరలోంచి రెండు మూడు దించి, ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తారు. పెట్టె మీద ఎన్ని వాట్లని రాసి ఉన్నా సరే, తేలిగ్గా ఉంటే లోపల సరుకు లేదని పక్కన పెట్టేస్తారు. ఎంచుకున్నదాన్ని బల్లమీద ఒక పూట నడిపి, చెవి ఆనించి వింటారు. పని ఎక్కువైనప్పుడు కొన్ని సన్నగా ఈల వేస్తాయి. పాడైనట్టు కాదు, లోపలి తీగచుట్టలు అదురుతాయి, అంతే. కానీ ఈల వేసేదాన్ని ఆయన ఎవరికీ ఇవ్వరు.

"ఈల వేస్తే ఏమవుతుందండీ?" అని ఒకసారి అడిగాను. తెలిసే అడిగాను.

"పిల్ల గొంతులా ఉంటుంది," అన్నారు.

ఆ తర్వాత నేను అడగలేదు. కానీ ఆ రోజునుంచి నాకూ అలాగే వినపడటం మొదలైంది.

ఆ పిల్ల ఎక్స్‌రే ఆయన కూతురు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు కాబట్టి అతనికి మా కొట్టులో ఆ పేరే స్థిరపడింది. అతనూ, భార్యా, ఏడేళ్ల పాపా. ముగ్గురూ కలిసే వచ్చేవాళ్లు. పాప వాళ్లమ్మ బల్లమీద మోచేతులు ఆనించి, "అక్కా, ఇది విన్నారా?" అంటూ నాతో కబుర్లకు దిగేది. ఈలోగా పాప మా అరల వెనక్కి దూరిపోయేది. ముందు పళ్లు రెండూ ఊడిపోయిన నోరు. ఒక అట్టపెట్టె అడ్డం పెట్టుకుని, కాళ్లు రెండూ బయటే ఉంచి, "నేను కనపడుతున్నానా?" అని అడిగేది. "లేదమ్మా, ఎక్కడున్నావో ఏమో!" అనాలి మనం. అంటే ఇంక చూడాలి ఆ నవ్వు.

ఆ పాప ఒక జ్వరానికి నాలుగు రోజుల్లో పోయింది.

ఎనిమిది నెలలయ్యాక ఎక్స్‌రే ఆయన కంప్యూటరు మోసుకొచ్చాడు. పాప వీడియోలన్నీ కలిపి ఒక సినిమాలా చేసి భార్యకు ఇవ్వాలని అతని కోరిక. ఉన్న కార్డు ఆ పనికి చాలదు, పెద్దది వేయాలి. పెద్ద కార్డుకు పెద్ద పవర్ సప్లై కావాలి. పాప పుట్టిననాటినుంచీ తీసిన వీడియోలన్నీ ఆ కంప్యూటరు కేబినెట్లోనే రెండు డిస్కుల్లో ఉన్నాయి. ఒకదానికి ఇంకోటి నకలు. "ఒకటి పోయినా ఒకటి ఉంటుంది," అని ఆ సలహా ఇచ్చింది మా ఆయనే. ఆ రెండిటినీ ఒకే కేబినెట్లో ఒకే కేబుల్ మీద పెట్టిందీ ఆయనే. అందులో తప్పేముందో అప్పుడు మాకు తోచలేదు.

విప్పేముందు అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూద్దామని ఎక్స్‌రే ఆయన ఒక వీడియో పెట్టాడు. పచ్చ కర్టెను, దాని కింద రెండు చిన్న పాదాలు. "నాన్నా, నేను కనపడుతున్నానా?" అంది కర్టెను. "లేదే, ఎక్కడున్నావు?" అని అతని గొంతు. లోపలినుంచి ఆపుకోలేని నవ్వు. అతను టక్కున ఆపేసి, "డ్యూటీకి వెళ్లి సాయంత్రం వస్తాను సార్," అని గబగబా వెళ్లిపోయాడు. నేను కళ్లు తుడుచుకుని లోపలికెళ్లి అన్నం వడ్డించాను.

మా ఆయన పని మొదలుపెట్టారు. ఇలాంటి పవర్ సప్లైలకు కేబుళ్లు విడిగా వస్తాయి. ఒక కొస సప్లైకి గుచ్చాలి, రెండో కొస డిస్కుకో కార్డుకో. మదర్‌బోర్డుకూ కార్డుకూ కొత్త కేబుళ్లే వేశారు. డిస్కులకు వెళ్లే పాతది మాత్రం వదిలేశారు. అంతకు రెండేళ్ల ముందు ఆయనే దాన్ని కేబినెట్ రేకు వెనకనుంచి తీసి, అంగుళానికో ప్లాస్టిక్ టై వేసి, జడ అల్లినంత అందంగా కట్టారు. దాన్ని విప్పడానికి చేతులు రాలేదు. పాత సప్లై ఒక కంపెనీది, కొత్తది ఇంకో కంపెనీది. అయినా ప్లగ్గు చక్కగా దూరింది, టక్కుమంది. డిస్కు వైపు కొస అన్ని కంపెనీలకూ ఒకటే. సప్లై వైపు కొసలో ఏ తీగ ఎక్కడుండాలనేది మాత్రం ఏ కంపెనీ ఇష్టం ఆ కంపెనీది. ఈ సంగతి ఆయనకు తెలియనిదేం కాదు. ముచ్చటపడి కట్టుకున్నది కదా, ఆ క్షణానికి మరిచారు. పైగా నేను వెనకనుంచి "చల్లారిపోతోంది, తెమలండి మహానుభావా!" అని ప్రాణం తోడేస్తున్నాను.

స్విచ్ వేశారు. ఫ్యాన్లు తిరిగాయి, కార్డు మీద దీపం వెలిగింది. డిస్కుల దగ్గర మాత్రం చిటుక్కుమంది. అగ్గిపుల్ల ఆర్పినప్పటి వాసన వచ్చింది. అయిదు వోల్టులు వెళ్లాల్సిన చోటికి పన్నెండు వెళ్లాయి. రెండు డిస్కులూ ఒక్క దెబ్బకే పోయాయి.

మా ఆయన ముఖం చూడాలంటే నాకు భయమేసింది. "ఏం చేశానే నేను!" అన్నారు. మళ్లీ అదే మాట. మళ్లీ అదే. నాకు భయమేస్తే ఏడుపు రాదు, నోరు లేస్తుంది.

"డిస్కులు పాతవి, వాటంతట అవే పోయాయని చెబుదాం," అన్నాను.

"అబద్ధం కదే."

"నిజం చెబితే వస్తాయా? ఆ మనిషికి ఇంకో గాయం తప్ప? రేపట్నుంచి ఈ కొట్టు గుమ్మం ఎవరైనా తొక్కుతారా? మీరు నోరు విప్పకండి, నేను చూసుకుంటాను."

సాయంత్రం నేనే చెప్పాను. ఎక్స్‌రే ఆయన నా మాట వింటూ నిలబడ్డాడు. "రెండూనా అమ్మా?" అని ఒక్కటే అడిగాడు. "రెండూ ఒక్కరోజే కొన్నవి కదండీ, వాటి కాలం అయిపోయింది," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో నోటికి! అతను ఒక డిస్కు తీసుకుని, ఎక్స్‌రే ఫిల్ము చూసినట్టు, వెలుతురుకు ఎత్తి చూశాడు. ఇనుప డబ్బాలో ఏం కనపడుతుంది? రెండిటినీ రుమాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు. మా ఆయన నేను చెప్పినట్టే కిమ్మనలేదు.

మర్నాడు వేరే ఎవరికో పవర్ సప్లై మార్చాల్సి వచ్చింది. ఆ రోజే మొదటిసారి కత్తెర తీశారు.

ఇంతటితో అయిపోయుంటే మనసుకు ఏదో సర్ది చెప్పుకునేదాన్ని. ఏడాది తర్వాత మా ఆయన బోర్డు మేడం దగ్గరికి వెళ్లారు. వెనక వీధిలో భూతద్దం కింద ఫోన్ల బోర్డులు బాగుచేస్తుంది, ఆమె చేతికి తిరుగులేదు. ఆ రోజు ఆమె ఎవరిదో చచ్చిపోయిన డిస్కుకు ప్రాణం పోస్తోంది. "తప్పు కేబుల్ వల్ల పోయినవి చాలామటుకు బతుకుతాయి సార్. పైన బోర్డు మీద చిన్న కాపలా ముక్క కాలుతుంది, లోపల అంతా భద్రమే. కానీ ఎలా పోయిందో జనం చెప్పరు. అదే పోయిందంటారు," అందట.

మా ఆయన కొట్టుకు తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డారు. "బతికుండేవి," అన్నారు. "ఆ రోజే చెప్పుంటే పాప గొంతు వాళ్లకు దక్కేది. ఇప్పుడైనా వెళ్లి చెబుతాను."

ఆపింది నేనే. ఏడాదిపాటు అబద్ధం నడిపి ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళతారు, వాళ్లు వాటిని ఎప్పుడో పారేసుంటారు, ఇంటికెళ్లి పుండు రేపుతారా అని నోటికొచ్చిందల్లా అన్నాను. నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు. ఆయనా గెలవలేదు.

పాప వాళ్లమ్మ మాత్రం ప్రతి ఏడూ పాప పుట్టినరోజున, సరిగ్గా పదకొండింటికి, కొట్టు ఫోనుకు చేసేది. మొదటి ఏడు, "అక్కా, ఆ డిస్కులకు కొత్త దారేమైనా వచ్చిందా?" అంది. "లేదమ్మా," అన్నాను. రెండో ఏడూ అదే అడిగింది, అదే చెప్పాను. అప్పటికి మాకు దారి తెలుసు. మూడో ఏడు ఆమె డిస్కుల మాటే ఎత్తలేదు.

"అక్కా, ఆ రోజు కొట్టులో వీడియో పెట్టారట కదా, మీరు విన్నారట కదా. పాప ఏమంది? ఎలా అంది? నాకు దాని గొంతు జారిపోతోందక్కా. మాటలు గుర్తున్నాయి, గొంతు రావడం లేదు. మీరొకసారి చెబితే పట్టుకుంటానేమో."

నాకు గుర్తుంది. చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. కానీ చెప్పబోతే గొంతు వణుకుతుంది. వణికితే ఆమె ఎందుకని అడుగుతుంది. అడిగితే అన్నీ బయటికొస్తాయి.

"గుర్తు లేదమ్మా," అన్నాను.

"పోనీలే అక్కా," అని పెట్టేసింది. ఆ తర్వాత ఇంక చేయలేదు. తేరుకుంది కాబోలు, బతికిపోయాం అనుకున్నాను. అవును, ఆ మాటే అనుకున్నాను. అయినా ఆ తేదీన పదకొండు అయ్యేసరికి ఫోను వైపు చూడకుండా ఉండలేకపోయేదాన్ని. అది మోగని ఏడు ఇంకా భయంగా ఉండేది.

పోయిన నెల ఒక ఉదయం మబ్బుపట్టి ఉంటే కొట్టులో లైటు వేసుకుని కూర్చున్నాం. బల్లమీద ఒక పవర్ సప్లై పరీక్షకు నడుస్తోంది. అట్టపెట్టె ఒకటి చంకలో పెట్టుకుని ఎవరో గుమ్మంలోకి వచ్చారు. తల ముగ్గుబుట్టలా ఉంది. "బాగున్నారా సార్?" అన్న గొంతు విన్నాకగానీ ఎక్స్‌రే ఆయనని పోల్చుకోలేదు. మా ఆయన చేతిలో స్క్రూ కింద పడి దొర్లింది.

"కార్డు కొన్నాను సార్. కేబినెట్ పాతదే, ఇంట్లో ఉంది. దీనికి సరిపోయే పవర్ సప్లై మీరే చూడాలి. బయట నలుగుర్ని అడిగితే నలుగురూ నాలుగు రకాలు చెప్పారు. మీ చెయ్యయితే నాకు నమ్మకం."

మా ఆయన కాగితం తీశారు. అలవాటైన పని కాబట్టి చెయ్యి దానంతట అదే రాస్తోంది. "కార్డు మూడొందలు. ప్రాసెసరు నూట పాతిక. మిగతావన్నీ డెబ్బై అయిదు అనుకుందాం. అయిదొందలయింది. కార్డు అప్పుడప్పుడూ ఎగిరిపడుతుంది, దానికి జాగా ఉండాలి. ఏడొందల యాభై వేసుకుంటే మీకు బెంగ లేదు," అని మూడు పెట్టెలు దించారు. ఒకటి అరచేతిలో పెట్టుకున్నారు, దించేశారు. రెండోది పెట్టుకున్నారు.

నేను ఏదో ఒకటి మాట్లాడాలని, "ఇంత పెద్ద కార్డు ఎందుకండీ, ఆటలు ఆడతారా?" అన్నాను.

"ఆటలు కాదమ్మా. కొత్తగా సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా, ఫొటో ఇస్తే మనిషిని కదిలిస్తుందట. కళ్లు ఆర్పుతుంది, మాట్లాడుతుంది. పాపవి కాగితం ఫొటోలు పదకొండు మిగిలాయి నా దగ్గర. కార్డు పెద్దదైతే ఇంట్లోనే చేసుకోవచ్చన్నారు."

"మాట్లాడటమంటే, గొంతు?" అన్నారు మా ఆయన.

"మన దగ్గర గొంతుంటే అదే పెడుతుంది. లేకపోతే దాని దగ్గర పిల్లల గొంతులు ఓ పాతిక ఉన్నాయి. అన్నీ విన్నాను సార్. ఏదీ పాపలా లేదు. అంటే, లేదనే అనుకుంటున్నాను. అసలు ఎలా ఉండేదో నాకే సరిగ్గా తెలియడం లేదు ఇప్పుడు. ఎవరిదో ఒకరి పిల్ల గొంతు పెట్టుకోవాలి, ఏం చేస్తాం."

బల్లమీద నడుస్తున్న సప్లై సన్నగా ఈల అందుకుంది. మా ఆయన చెయ్యి చాచి దాన్ని ఆపేశారు. చేతిలో బరువు చూస్తున్నదాన్ని కూడా బల్లమీద పెట్టేశారు.

"దీన్ని మీకు ఇవ్వలేను," అన్నారు.

నాకు అర్థమైపోయింది. బల్ల కింద ఆయన కాలు తొక్కాను. "ఏవండీ, ఆయనకు కాస్త టీ తెప్పిద్దాం," అన్నాను.

"నువ్వాగు," అన్నారు. పాతికేళ్లలో ఆ మాట నన్ను అనడం అదే మొదలు.

చెప్పేశారు. ఏ కేబుల్ వదిలేశారో, ఎందుకు వదిలేశారో, చిటుక్కుమన్న చప్పుడు, బోర్డు మేడం మాట, అన్నీ. ఎక్కడా తన తప్పును తగ్గించుకోలేదు. ఎక్స్‌రే ఆయన బల్లమీది పెట్టెల వైపే చూస్తూ విన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఆ రోజు మీరసలు నోరే విప్పలేదు సార్," అన్నాడు చివరికి. "అలా చెప్పాలని ఎవరికి తోచింది?"

"నాకే," అన్నారు మా ఆయన.

"కాదు, నాకు," అన్నాను. నా నోరు నాకు ఎదురు తిరిగింది, మంచిదే అయింది. "ఆయన వద్దన్నారు. నేనే చెప్పాను. తర్వాత ఆయన మీ ఇంటికి వస్తానంటే ఆపిందీ నేనే."

అతను తలెత్తి నన్ను చూశాడు. ఎముక ఎక్కడ విరిగిందో వెతికేవాళ్ల చూపు అది. "ఒక డిస్కును నేను గోడకేసి కొట్టాను," అన్నాడు. "ఇంకోటి ఆవిడ పాప గౌనులో చుట్టి బీరువాలో పెట్టుకుంది. రేపు తెస్తాను." కార్డు పెట్టె అక్కడే మరిచిపోయి వెళ్లాడు.

మర్నాడు తెచ్చాడు. నీలం గౌను, లోపల డిస్కు. ముగ్గురం బోర్డు మేడం దగ్గరికి వెళ్లాం. మా ఆయన మొదటి మాటగా ఎలా పోయిందో చెప్పారు. ఆమె భూతద్దం కింద చూసి, "ఇదిగో, కాలిపోయి లోపలిదాన్ని కాపాడింది," అంటూ ఆవగింజంత నల్ల ముక్కను వేడి గాలితో వదులు చేసి పట్టకారుతో తీసేసింది. సరైన కేబుల్ పెట్టింది. డిస్కు నిద్రలేచినట్టు గుయ్యిమంది. మాకిచ్చిన టీ ఇంకా చల్లారలేదు. తొమ్మిదేళ్లు మోసినది అంతసేపట్లో అయిపోయింది.

"ముందు నకలు తీయాలి, ఎక్కువసేపు ఇలా నడపకూడదు," అంది మేడం. రెండు కొత్త డిస్కుల్లోకి అన్నీ ఎక్కించింది. తర్వాత ఎక్స్‌రే ఆయన ఒక్కటి పెట్టమన్నాడు. పచ్చ కర్టెను. రెండు పాదాలు.

"నాన్నా, నేను కనపడుతున్నానా?"

"లేదే, ఎక్కడున్నావు?" అంది తెరమీద అతని గొంతు. కుర్చీలో అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. మా ఆయన గోడ వైపు తిరిగిపోయారు. నాకైతే గుండెలమీదనుంచి బండ దించినట్టయింది. సంతోషం పట్టలేక వాగాను.

"అమ్మాయికి ఫోను చేయండి, ఇక్కడికే రమ్మనండి, లేకపోతే ఫోనులోనే వినిపించండి! పాపం, ఆ గొంతు కోసం ఎంత కొట్టుకుందో!"

"ఆవిడ పోయి రెండేళ్లయిందమ్మా," అన్నాడతను. "మీకు తెలియదు కదూ. గుండెపోటు. వంటింట్లోనే."

మేడం మిషను ఆపేసింది. నా నోట ఒక్క మాటే వచ్చింది, దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి.

"ఆవిడ నన్నడిగింది. పాప ఏమంది, ఎలా అంది అని. గుర్తు లేదన్నాను. నాకు గుర్తుంది. అప్పుడూ గుర్తుంది."

"ఫోను పెట్టేసి నా దగ్గరికొచ్చింది ఆ రోజు," అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపేసింది. "'అక్కకీ గుర్తు లేదట. ఇంకెవర్నీ అడగను' అంది. నిజంగానే అడగలేదు. పాప మాటే ఎత్తడం మానేసింది ఇంట్లో."

మా ఆయన రెండు డిస్కులూ అతని చేతిలో పెట్టి, "ఈసారి రెండూ ఒకేచోట పెట్టకండి. ఒకటి వేరే ఇంట్లో ఉండాలి," అన్నారు. అతను రెండూ అందుకున్నాడు. ఒకటి గౌనులో చుట్టుకున్నాడు. రెండోది నా ఒళ్లో పెట్టాడు.

"మీ దగ్గర ఉంచండి," అన్నాడు. అది శిక్షో మన్నింపో నాకు ఇప్పటికీ తెలియదు. అతను మా కొట్టులో మరిచిపోయిన కార్డు తీసుకుని, కొన్నచోట తిరిగిచ్చేయడానికి వెళ్లిపోయాడు. డిస్కు నా బల్ల సొరుగులో ఉంది. ఇప్పుడు సొరుగు తీయాలన్నా వేయాలన్నా నా చెయ్యి మెల్లగానే కదులుతుంది.

పోయిన వారం. ఉదయంనుంచీ నాకు తేదీ గుర్తుంది, మా ఆయనకూ గుర్తుంది, ఇద్దరం ఆ మాట అనుకోలేదు. ఎవరికో పవర్ సప్లై మారుస్తూ ఆయన పాత కేబుళ్లు కత్తిరిస్తున్నారు. పదకొండయింది. ఫోను మోగింది. తెరమీద పేరు చూశాను. "పాప వాళ్లమ్మ" అని ఉంది. తొమ్మిదేళ్ల కిందట నేనే రాసుకున్న పేరు.

కత్తెర చప్పుడు ఆగిపోయింది. మూడు సార్లు మోగనిచ్చి ఎత్తాను.

అవతల ఎవరిదో ఊపిరి. తర్వాత ఎక్స్‌రే ఆయన గొంతు వచ్చింది.

"ఆవిడ ఫోనేనమ్మా. ఛార్జింగు పెడుతూనే ఉంటాను. ఇప్పుడు ఆవిడ ఫొటో ముందు పెట్టి స్పీకరు వేశాను. ఆవిడ అడిగినట్టే అడుగుతాను. ఈసారి చెప్పండి." ఆ వెంటనే ఆవిడ మాటే అందుకున్నాడు. "అక్కా, మీరు విన్నారట కదా. పాప ఏమంది? ఎలా అంది?"

మా ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డారు. నా గొంతు వణికింది. వణకనిచ్చాను.

"గుర్తుందమ్మా," అన్నాను. "కర్టెను వెనక దాక్కుంది, పచ్చ కర్టెను. కాళ్లు రెండూ బయటే ఉన్నాయి. 'నాన్నా, నేను కనపడుతున్నానా?' అంది. చివర్లో బాగా సాగదీసింది. పళ్లు లేవు కదూ, గాలి పోయింది. అని, ఊపిరి బిగబట్టింది. మీ ఆయన 'లేదే' అనగానే ఇంక ఆపుకోలేక నవ్వేసింది. నవ్వు చివర చిన్న ఎక్కిలి వచ్చింది."

అవతల ఎవరూ ఏమీ అనలేదు. ఫోను పెట్టేయనూ లేదు. నేను మళ్లీ మొదటినుంచీ చెప్పాను.